మీకు తెలుసా? 170 మిల్లీమీటర్ల బోర్డు, 170 కిలోల బేలు

సత్తెనపల్లి రోడ్డు మీద పత్తి బేళ్ళ లారీలు వరసగా వెళ్తుంటాయి. ఒక్కో బేలు లెక్క 170 కిలోలు. మన దేశంలో పత్తి ఉత్పత్తిని చెప్పేది ఈ 170 కిలోల బేళ్ళ లెక్కలోనే. ఇంకో 170 సంగతి మీకు తెలుసా? ఆటలు ఆడే చిన్న కంప్యూటర్లలో బిగించే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు సరిగ్గా 170 మిల్లీమీటర్ల పొడవు, 170 మిల్లీమీటర్ల వెడల్పు. తైవాన్‌కు చెందిన వయా టెక్నాలజీస్ 2001లో ఈ కొలత పెట్టింది. పెట్టింది ఆటల కోసం కాదు, తక్కువ కరెంటుతో చప్పుడు లేకుండా నడిచే చిన్నచిన్న యంత్రాల కోసం. ఆటల పిచ్చి ఉన్నవాళ్ళు తర్వాత దాన్ని పట్టుకున్నారు.

రెండు అంకెలూ కాకతాళీయంగా కలిశాయి, అంతే. కానీ చిన్న కంప్యూటర్ కొనాలా వద్దా అని ఎవరైనా అడిగినప్పుడల్లా నాకు మన రెండు పంటలే కళ్ళముందుకొస్తాయి. పత్తిని మనం నొక్కుతాం, మిరపకాయను పరుస్తాం. జిన్నింగు మిల్లులో ప్రెస్సు చేసే పనల్లా దూదిలో ఉన్న గాలిని బయటికి తోసేసి, గదినిండా ఉన్న కుప్పను దిమ్మగా మార్చడం. కల్లంలో రైతు చేసేది దానికి పూర్తిగా ఎదురు పని. కాయకూ కాయకూ మధ్య గాలి ఆడాలి. పచ్చి మీద కుప్ప పోస్తే లోపల ఉడుకెక్కి, రంగు పోయి, తాలు కింద లెక్కకొస్తుంది. చిన్న క్యాబినెట్ తయారుచేసేవాళ్ళు కంప్యూటర్‌ను పత్తిలా నొక్కుతున్నారు. లోపలున్న చిప్పుది మాత్రం మిరపకాయ స్వభావం. అసలు పేచీ అంతా అక్కడే ఉంది.

*

మన వైపు ఆ డబ్బా మొత్తాన్నీ ‘సీపీయూ’ అనే పిలుస్తాం. నిజానికి సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు మీద కూర్చునే చిప్పు, అరచేతిలో సగం కూడా ఉండదు. డబ్బా పేరు క్యాబినెట్. దాని సైజును అంగుళాల్లో కాదు, లీటర్లలో చెప్తారు. 20 లీటర్ల లోపు ఉంటే దాన్ని చిన్న కంప్యూటర్ కింద లెక్కేయడం ఈ రంగంలో వాడుక. ఇంటికి వేయించుకునే మంచినీళ్ళ క్యాను ఉంటుంది చూడండి, అదే 20 లీటర్లు. టేబుల్ కింద కనిపించే మామూలు క్యాబినెట్లు 40, 50 లీటర్లు ఉంటాయి. 2016లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసుకుని జర్మనీలో ఒక కుర్రాడు రూపొందించిన డాన్ ఏ4 ఎస్ఎఫ్ఎక్స్ అనే క్యాబినెట్ అయితే 7.2 లీటర్లే. అందులోనూ పూర్తి పొడవు గ్రాఫిక్స్ కార్డు పడుతుంది. మదర్‌బోర్డు ఒక పక్క, కార్డు ఇంకో పక్క, మధ్యలో రేకు. రెండింటినీ కలిపేది రైజర్ కేబుల్ అనే బద్దీలాంటి తీగ.

*

ఆట నడుస్తున్నప్పుడు 400 వాట్లు లాగే కంప్యూటర్ ఉందనుకోండి. ఆ 400 వాట్లూ దాదాపు పూర్తిగా వేడి కిందే మారతాయి. ఆ వేడిని మోసుకుని బయటికెళ్ళేది గాలి. ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1.2 జౌళ్ళు చాలు, అంటే గాలి పెద్దగా బరువు మోయలేని కూలీ. లోపలికి వెళ్ళిన గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటికి రావాలంటే సెకనుకు 33 లీటర్ల గాలి ఆ డబ్బాలోంచి పారాలి. నిమిషానికి 2000 లీటర్లు. మంచినీళ్ళ క్యాన్ల లెక్కలో వంద క్యాన్లు, ఒక్క నిమిషంలో.

45 లీటర్ల క్యాబినెట్ అయితే అందులోని గాలి నిమిషానికి 44 సార్లు మారితే సరిపోతుంది. 7.2 లీటర్ల డబ్బాలో 278 సార్లు మారాలి. డబ్బా చిన్నదైందని వేడి చిన్నదవదు. పత్తి బేలులో గాలి పనికిరాని సరుకు కాబట్టి తీసేస్తాం. కంప్యూటర్లో పనిచేసేదే గాలి. దానికి నడవడానికి దారి లేకపోతే అది పరుగెత్తాలి, పరుగెత్తే గాలి చప్పుడు చేస్తుంది.

*

ఒకే పోలికలో చేసిన రెండు ఫ్యాన్లలో ఒకటి 120 మిల్లీమీటర్లు, ఇంకోటి 92 మిల్లీమీటర్లు అనుకుందాం. పెద్దది తోసినంత గాలిని చిన్నది తోయాలంటే రెండు రెట్ల పైచిలుకు వేగంతో తిరగాలి. ఫ్యాను తోసే గాలి దాని వెడల్పుకు ఘనంగా పెరుగుతుంది మరి. నాక్టువా అనే ఆస్ట్రియా కంపెనీ పెద్ద క్యాబినెట్లకు చేసే ఎన్‌హెచ్ డీ15 కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు. అదే కంపెనీ చిన్న డబ్బాలకు చేసే ఎన్‌హెచ్ ఎల్9 కూలర్ ఎత్తు ఫ్యానుతో కలిపి 37 మిల్లీమీటర్లు. నాలుగు వేళ్ళు అడ్డంగా పెడితే అంతకంటే ఎక్కువే ఉంటాయి.

ఈ చిన్న ఫ్యాన్ల సమస్యకు చక్కటి విరుగుడు ఆలోచించింది మైక్రోసాఫ్ట్. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అనే ఆటల యంత్రం కొలతలు 151, 151, 301 మిల్లీమీటర్లు, అంటే 7 లీటర్ల లోపే. మదర్‌బోర్డును రెండు ముక్కలు చేసి నిలువుగా నిలబెట్టి, పైన మూతలాగా ఒకే ఒక్క 130 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టారు. చిన్న డబ్బాలో నాలుగు బుల్లి ఫ్యాన్ల కంటే ఒక్క పెద్ద ఫ్యాను మేలు. క్యాబినెట్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది అదే.

*

రాయలసీమ వాళ్ళు ఒప్పుకోరేమో గానీ, వేసవిలో వాతావరణ వార్తలంటే మాకు ఎండలకు పేరుమోసిన రెంటచింతలే. మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకే సెలవులిస్తారు, ఆ ఎండలో రైతులూ కూలీలూ నిలబడలేరని. కంప్యూటర్ కంపెనీలు విడుదల చేసే ఉష్ణోగ్రత లెక్కలు, ఇంటర్నెట్లో కనిపించే పరీక్షలు చాలావరకు 21 నుంచి 25 డిగ్రీలున్న చల్లటి గదుల్లో తీసినవి. వాటిని మనం యథాతథంగా నమ్మి డబ్బు పెట్టకూడదు.

లెక్క సులువే. ఫ్యాన్ల వేగం మారకపోతే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పూ ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 24 డిగ్రీల గదిలో 71 డిగ్రీల దగ్గర నిలిచిన చిప్పు, 42 డిగ్రీల గదిలో 89కి చేరుతుంది. ఆటగాళ్ళు ఎంతో ఇష్టపడే రైజెన్ 7 7800ఎక్స్3డీ అనే సీపీయూ చిప్పుకు తయారీ కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు కచ్చితంగా ఆ 89 డిగ్రీలే. హద్దుకు చేరితే చిప్పు కాలిపోదు, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట కొంత నెమ్మదిస్తుంది. వేగం కోసం పోసిన డబ్బు సరిగ్గా సెలవుల్లో, పిల్లలు ఆడే రోజుల్లోనే చేతికి రాకుండా పోతుంది. పెద్ద క్యాబినెట్‌లో ఫ్యాన్లు ఇంకాస్త పెంచుకునే వీలుంటుంది. చిన్నదాంట్లో అవి అప్పటికే ముప్పావు వేగంతో తిరుగుతుంటాయి.

*

చిన్న డబ్బాలో పెద్ద ఆట ఆడించాలన్న పట్టుదలలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. పేరు రాజా కోడూరి. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేసి, ఏటీఐ, ఆపిల్ కంపెనీల్లో పనిచేసి 2013లో చిప్పుల కంపెనీ ఏఎండీకి వచ్చారు. 2015 సెప్టెంబరులో ఏఎండీ తన గ్రాఫిక్స్ పని మొత్తాన్నీ రేడియాన్ టెక్నాలజీస్ గ్రూప్ పేరుతో ఒక విభాగంగా చేసి ఆయన చేతికి అప్పగించింది. అదే నెలలో బజారులోకి వచ్చిన కార్డు ఆర్9 నానో.

దాన్ని గురించి చెప్పకుండా ఉండలేను. పొడవు 152 మిల్లీమీటర్లు, మన మినీ ఐటీఎక్స్ బోర్డు కంటే పొట్టి. దానికంటే ముందు వచ్చిన ఆర్9 ఫ్యూరీ ఎక్స్ అనే పెద్దన్న 275 వాట్లు తాగేది, నీళ్ళతో చల్లబరచాల్సి వచ్చేది. నానోలో ఉన్నది అదే చిప్పు, ఒక్క భాగం కూడా కోయలేదు. వేగం కొద్దిగా తగ్గించి 175 వాట్లకు దించి, ఒకే ఒక్క ఫ్యానుతో చల్లబరిచారు. అంత పొట్టిగా ఎలా కుదిరింది? అప్పటిదాకా కార్డుల్లో మెమరీ చిప్పులు ప్రధాన చిప్పు చుట్టూ పరిచి ఉండేవి, కల్లంలో కాయలు పరిచినట్టు. ఈ కార్డులో హెచ్‌బీఎం అనే కొత్తరకం మెమరీ వాడారు. చిప్పులను ఒకదాని మీద ఒకటి పేర్చి, నాలుగు దొంతులుగా ప్రధాన చిప్పు పక్కనే పెట్టేశారు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పేర్చినట్టన్నమాట. బోర్డు మీద బోలెడు స్థలం మిగిలింది. ఒక్కో దొంతి 1 జీబీ, మొత్తం 4 జీబీ.

ధర 649 డాలర్లు, పెద్దన్నతో సమానం. వేగం తక్కువ, ధర అదే. చిన్నదనానికే డబ్బులు. అంత పెట్టడానికి జనం వెనకాడారు, 2016 జనవరిలో దాన్ని 499 డాలర్లకు తగ్గించాల్సి వచ్చింది. ఈ రంగంలో ఈనాటికీ ఇదే లెక్క నడుస్తోంది: చిన్నది కావాలంటే వేగంలో కొంత వదులుకోవాలి, పైగా ధరలో కొంత కలపాలి.

2015 జూన్‌లో ఈ3 ప్రదర్శనలో ఏఎండీ ప్రాజెక్ట్ క్వాంటమ్ అని ఇంకో చిన్న కంప్యూటర్ చూపించింది. కింది అరలో చిప్పులు, పై అరలో చల్లబరిచే సరంజామా, మధ్యలో సన్నటి నడుము. నానోలో ఉన్నలాంటి గ్రాఫిక్స్ చిప్పులు రెండు ఇమిడ్చారు. అందులో వేసిన ప్రాసెసర్ మాత్రం పోటీ కంపెనీ ఇంటెల్‌ది. అది అమ్మకానికే రాలేదు. నాకు మటుకు వేడికి వేరే అర కట్టడమన్న ఆలోచన ఎంతో నచ్చింది. రాజా కోడూరి 2017లో ఇంటెల్‌కు వెళ్ళారు, 2023లో అక్కణ్ణుంచీ బయటికొచ్చారు.

*

మళ్ళీ బోర్డు దగ్గరికొస్తే, మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మినీ ఐటీఎక్స్ దాని విస్తీర్ణంలో ఐదింట రెండు వంతులు. తగ్గిన స్థలంలో పోయేవి ఏమిటంటే, ర్యామ్‌కు నాలుగు గాట్ల బదులు రెండే. కార్డులు పెట్టుకోవడానికి ఒకే ఒక్క స్లాటు, అది గ్రాఫిక్స్ కార్డుకే సరి. కొన్ని బోర్డులకు రెండో ఎస్ఎస్‌డీ గాడి వెనక వైపు ఉంటుంది, అది మార్చాలంటే బోర్డు మొత్తం ఊడదీయాల్సిందే. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ కూడా ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్నరకం కావాలి. అదే సత్తా ఉన్న పెద్దదాని కంటే ఖరీదు ఎక్కువ.

గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటల్లోని కంప్యూటర్ షాపుల్లో ఈ రెండింటికీ మధ్య సైజైన మైక్రో ఏటీఎక్స్ బోర్డు అడిగితే బీరువాలోంచి తీసి చేతిలో పెడతారు. మినీ ఐటీఎక్స్ అడిగితే ‘ఆర్డరు పెట్టాలండీ’ అంటారు. ఒంగోలులోనూ ఇదే మాట విన్నాను. కొన్నప్పుడు నాలుగు రోజులు ఆగడం పెద్ద బాధ కాదు. రెండేళ్ళ తర్వాత బోర్డు పోయి, అదే సాకెట్ ఉన్న చిన్న బోర్డు ఎక్కడా దొరక్కపోతే అప్పుడు తెలుస్తుంది.

అందుకే నా మాట సూటిగా చెప్తాను. కంప్యూటర్ ఇంట్లో ఒకేచోట ఉండేదైతే, గదిలో ఏసీ లేకపోతే, 244 మిల్లీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ బోర్డు, ముందు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెట్టండి. కంప్యూటర్ ఊళ్ళు తిరిగేదైతే మాత్రం చిన్నదే కొనండి.

*

ఊళ్ళు తిరిగే కంప్యూటర్ మా ఇంట్లో ఒకటుంది. మా మేనల్లుడు గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు పల్నాడులో వాళ్ళ ఊరు వెళ్తాడు, మధ్యలో రెండు బస్సులు మారాలి. ల్యాప్‌టాప్ కొనమని అందరూ చెప్పాం. వాడి వాదన వాడిది, ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పు బోర్డుకు అతికే ఉంటుంది, నాలుగేళ్ళకు పాతబడితే మొత్తం మార్చాలి, ఇందులో అయితే కార్డొక్కటే మార్చుకోవచ్చని. ఆ మాట నిజమే. 18 లీటర్ల డబ్బా కొన్నాడు. ఒడిలో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో వచ్చేస్తాడు. హాస్టల్లో మంచం పక్క స్టూలు మీద పడుతుంది.

బస్సు ప్రయాణాల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ఇప్పటి పెద్ద గ్రాఫిక్స్ కార్డులు కిలో దాటి ఉంటాయి. మామూలు క్యాబినెట్‌లో ఆ బరువు స్లాటు మీద అడ్డంగా వేలాడుతుంది. గతుకుల్లో బస్సు ఎగిరితే స్లాటే పగలొచ్చు, కాబట్టి ప్రయాణానికి ముందు కార్డు ఊడదీసి దాని అట్టపెట్టెలో పెట్టాలి. రైజర్ కేబుల్ వాడే డబ్బాల్లో కార్డు నిలువుగా రేకుకు బిగించి ఉంటుంది, తీగ మీద బరువు పడదు. ప్రయాణాలకు అదే నయం.

కానీ ఆ తీగే వాణ్ణి ఒక రాత్రంతా ఏడిపించింది. ‘మావయ్యా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, బొమ్మే రావట్లేదు’ అని పదకొండింటికి ఫోను. కార్డు పోయిందనే అనుకున్నాం ఇద్దరం. తెల్లారి వెళ్ళి చూస్తే కార్డు నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ వేగానికి తయారైంది, కేబుల్ మూడో తరానిది. పాత తీగలో కొత్త వేగం పట్టక సిగ్నల్ చెదిరిపోతోంది. కార్డు తీసేసి, ప్రాసెసర్‌లోనే ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తో బయాస్‌లోకి వెళ్ళి, స్లాటు వేగాన్ని మూడో తరానికి దించి, మళ్ళీ కార్డు పెడితే బొమ్మ వచ్చింది. ఆటలో తేడా కంటికి ఆనలేదు. చిన్న కంప్యూటర్ కట్టేవాళ్ళు ఇది ముందే తెలుసుకుంటే ఒక నిద్ర మిగులుతుంది.

*

వేడిని పుట్టేచోటే తగ్గించే దారి ఒకటుంది. చిప్పుకిచ్చే వోల్టేజీ పదింట ఒక వంతు తగ్గిస్తే కరెంటు వాడకం దాదాపు ఐదింట ఒక వంతు తగ్గుతుంది, అదే వేగంలో. వాడకం వోల్టేజీకి వర్గంగా మారుతుంది కాబట్టి. చిప్పు తయారీలో కొంచెం ఎక్కువ వోల్టేజీయే పెట్టి పంపుతారు, అన్ని చిప్పులూ తప్పకుండా నడవాలని. ఆ మిగులును ఓపికగా, కొద్దికొద్దిగా, ఆట ఆగిపోకుండా చూసుకుంటూ తగ్గించుకోవచ్చు. 105 వాట్ల రైజెన్ చిప్పులను బయాస్‌లో ఎకో మోడ్ పెట్టి 65 వాట్ల తరగతికి దించవచ్చు. పైసా ఖర్చు లేదు. పల్నాడు ఎండల్లో చిన్న డబ్బాకు దీనికి మించిన మందు నాకు తెలియదు.

కార్డు ఎంపికలోనే సగం గెలవచ్చు. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లు. అదే తరంలో అన్నిటికంటే పెద్దదైన 4090 వాడేది 450. మొదటిది ఏ చిన్న డబ్బాలోనైనా హాయిగా ఉంటుంది. రెండోదాన్ని చిన్న డబ్బాలో ఇరికించేవాళ్ళున్నారు, నేను మాత్రం మన ఊళ్ళలో ఎవరికీ చెప్పను. గదికి చేరే వేడి డబ్బా సైజును బట్టి కాదు, వాట్లను బట్టి ఉంటుంది. 400 వాట్ల కంప్యూటర్ ఐదు గంటలు ఆడితే 2 యూనిట్ల కరెంటు ఖర్చు, 2 యూనిట్ల వేడి గదిలో.

*

వేడితో పాటు, గాలి మోసుకొచ్చేదాన్నీ చూసుకోవాలి. చీరాల, బాపట్ల లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి, చీమకుర్తి వైపు రాతి ధూళి. మాకు అక్టోబరు నుంచి పత్తి నూగు, సంక్రాంతి దాటాక మిరప కోరు.

మొన్న మార్చిలో మేనల్లుడి డబ్బా విప్పాను. వాళ్ళింటి వెనకే కల్లం. కింది ఫిల్టరు లాగితే జాలీ కనపడలేదు. దాని మీద దూది పీచు అల్లుకుని నవారులా మందంగా, వేలితో చివర పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. దాని అడుగున సన్నటి ఎర్ర పొడి. బ్లోయరు పెట్టగానే ఇద్దరికీ కోరు తగిలి దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తాం. వాళ్ళమ్మ మంచినీళ్ళు ఇస్తూ, ‘ఆ పెట్టెకి మాత్రం ఊపిరాడుద్దా ఏంది’ అంది. ఫిల్టరు శుభ్రం చేశాక అదే ఆట, అదే గది, చిప్పు 11 డిగ్రీలు తక్కువ చూపించింది.

లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు బయటికి తోసేవాటి కంటే కొంచెం ఎక్కువ గాలి తెస్తే, డబ్బా లోపల ఒత్తిడి కాస్త పెరుగుతుంది. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే వస్తుంది గానీ దుమ్ము లోపలికి పోదు, వచ్చేదల్లా ఫిల్టరు దారినే రావాలి. బయటికి తోసే ఫ్యాన్లే ఎక్కువైతే ప్రతి స్క్రూ సందూ దుమ్ముకు దారే. పెద్ద క్యాబినెట్‌లో మూడు నెలలు పట్టే దుమ్ము చిన్నదాన్ని మూడు వారాల్లో ఉక్కిరిబిక్కిరి చేస్తుందని నా అనుభవం. పత్తి తీతల్లోనూ, కల్లాల రోజుల్లోనూ వారానికోసారి ఫిల్టరు కడగాలి. కుళాయి కింద పెట్టి, దుమ్ము పట్టిన వైపుకు వెనక నుంచి నీళ్ళు పోయాలి, లేకపోతే పీచు జాలీలోకి దిగబడుతుంది. తడి పూర్తిగా ఆరాకే బిగించాలి.

ఇప్పుడు వాళ్ళింట్లో ఆదివారం పొద్దున్నే ఆ ఫిల్టరు దండెం మీద బట్టల పక్కన క్లిప్పుతో వేలాడుతుంటుంది. ఎండకు పావుగంటలో ఆరిపోతుంది.